చుక్కలు పడిన ఇళ్లు

పూజిత లైబ్రరీకి వచ్చేసరికి పరిశోధన సహాయ విభాగంలో ఆండాలు గారు ఒక్కరే ఉన్నారు. ఏ పత్రిక అసలైనదో ఏది నకిలీదో చూసిపెట్టడం, వ్యాసంలో ఇతరుల వాక్యాలు దొర్లాయేమో సరిచూడటం, పరిశోధన డేటాను లైబ్రరీ ఆర్కైవ్‌లో భద్రపరచడం, అధ్యాపకులకు ఇవన్నీ చేసిపెట్టేది ఆ విభాగమే. కెమిస్ట్రీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయిన పూజిత వాళ్లందరికంటే ఎక్కువగా అక్కడికి వచ్చేది. ఆ రోజు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం, ఈ ఫైలు ఇయ్యాల ఎక్కిస్తె అయిపోతది. పత్రికోళ్లు నా పేపర్ తీసుకుంటమన్నరు. డేటా మొత్తం అందరికీ కనపడేటట్టు పెట్టాలె, అదొక్కటే కండిషన్. శుక్రవారం ఆఖరు."

"ఏం డేటా?"

"మట్టి నమూనాలు. చాంద్రాయణగుట్టల మా గల్లీ, చుట్టుపక్కల గల్లీలు. పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే దుకాణాలున్నయి కదా, వాటి దగ్గర మట్టిల సీసం ఎంతున్నదో కొలిచిన."

ఆండాలు గారు ఫైలు తెరిచారు. పట్టికలో ప్రతి నమూనా పక్కన దాని లొకేషన్ అంకెలు ఉన్నాయి. ఆమె వాటిని మ్యాపు మీద పెట్టి ఉపగ్రహ చిత్రం ఆన్ చేశారు. ఎర్ర చుక్కలు ఒక్కొక్కటిగా ఇళ్ల కప్పుల పక్కన వచ్చి కూర్చున్నాయి. ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిపారు. ఒక నీలం రేకుల కప్పు, దాని ముందు ఆగి ఉన్న ఆటో కూడా కనిపించాయి.

పూజిత ఆ కప్పును గుర్తుపట్టింది. అజ్మత్ అలీ చాచా దుకాణం. దానికి ఎదురుగా ఇంకో చుక్క, వాళ్ల నాన్న కృష్ణయ్య బర్రెలు కట్టేసే కొట్టం మీద.

"ఈ ఇళ్లల్లో ఉన్నవాళ్లకు రిజల్ట్ చెప్పినవా?" అని అడిగారు ఆండాలు గారు.

పూజిత సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "పేపర్ వచ్చినంక చెప్దామనుకున్న మేడం."

"పేపర్ కంటే ముందు ఇది నెట్‌లోకి వస్తది. ఎవరన్నా వీడియోవాడు ఈ మ్యాపు చూసిండనుకో, రేపు కెమెరా పట్టుకొని ఆ దుకాణం ముందుంటడు. ఆర్కైవ్‌లో తాళం వేసి పెట్టే పద్ధతి కూడా ఉంది. అసలు అంకెలు లోపల ఉంటయి, అడిగిన పరిశోధకులకు చూసి ఇస్తం. బయటికి మాత్రం పెద్ద పెద్ద గళ్లుగా మ్యాపు పెడ్తం, ఏ ఇల్లన్నది తెలియదు. కాకపోతే ఎడిటర్ ఒప్పుకోవాలె. దానికి టైం పడ్తది."

"టైం లేదు మేడం. శుక్రవారం దాటితే ఈ ఏడు ప్రమోషన్ ఫైల్‌ల ఈ పేపర్ ఉండదు."

"ఎక్కించమంటే ఎక్కిస్త. నీ డేటా, నీ ఇష్టం," అన్నారు ఆండాలు గారు. ఆమె గొంతులో కోపం లేదు. అదే పూజితకు మరీ ఇబ్బందిగా అనిపించింది. రేపు వచ్చి చెప్తానని బయటపడింది.

బస్సులో సీటు దొరికినా నిలబడే ప్రయాణం చేసింది. నయాపూల్ మీద బస్సు ఆగి ఎంతకీ కదలకపోతే ఫోన్ తీసి ఎడిటర్ పంపిన మెయిల్‌ను మళ్లీ మళ్లీ చదివింది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద దిగి గల్లీ మొదట్లోకి వచ్చాక కాళ్లు ఆగిపోయాయి. నీలం రేకుల దుకాణంలో మంట కనిపిస్తోంది. పొగ వాసన గొంతులో పట్టుకుంది. చూడనట్టుగా దాటి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ దాటి ఇంటికి వెళ్లింది.

కృష్ణయ్య కొట్టంలో పాల క్యాన్లు కడుగుతున్నాడు. పూజిత చెప్పులు విడవకుండానే అంతా చెప్పింది.

"మన కొట్టం గూడ ఉన్నదా దాంట్ల?"

"ఉన్నది బాపు."

"నన్నడిగి తీసినవా మట్టి?"

"నువ్వు పాలు పొయ్యనీకి పోయినవప్పుడు."

కృష్ణయ్య క్యాన్ బోర్లించాడు. "గిది బయటపడితె మన పాలు ఎవరు కొంటరు బిడ్డా?"

"ఫికర్ చెయ్యకు బాపు. పాలు గూడ ల్యాబ్‌ల పరీక్ష చేసిన. పాలల్ల ఏం తేలలే."

తండ్రికి ధైర్యం చెప్పానని ఆమె అనుకుంది. ఆయన మాత్రం తలెత్తి ఆమె వైపు చూశాడు.

"అంటె మన పాలకు ముందుగాల్నే పరీక్ష చేసుకున్నవు. అజ్మత్ భాయ్ మనవరాలు దినాం గా మట్టిల్నే ఆడుతది, గా పోరి సంగతి మాత్రం చెప్పలే."

పూజిత వంగి ఇంకో క్యాన్ అందుకోబోయింది.

"పో. ఇప్పుడే పోయి చెప్పు," అన్నాడు కృష్ణయ్య.

అజ్మత్ అలీ మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, స్టూలు జరిపాడు. "ఆవ్ బేటీ, కూసో. కాలేజీ పని అయిందా?"

"చాచా, నేను మట్టి తీస్కపోయిన కదా. దాంట్ల సీసం మస్తున్నది. మీ దుకాణం ముంగట అన్నిటికన్నా ఎక్కువున్నది."

"సీసం దుకాణం ముంగట సీసం ఉండక బంగారం ఉంటదా?" అని నవ్వాడాయన. పూజిత నవ్వకపోవడం చూసి ఆగాడు. "ఎవరికి చెప్తవ్ గిది?"

"ఒక పత్రికల వస్తది. పేర్లు ఉండయి."

"పేర్లు లేకుంటె ఏంది? ఈ గల్లీల బ్యాటరీ పని చేసేటోళ్లు ఎంతమందున్నరు? నేనొక్కన్నే." ఆయన గొంతు పెరిగింది. "నువ్వు మట్టి తీస్తుంటె చాయ్ తెప్పించిన. ఏం పనని అడిగిననా? కృష్ణయ్య బిడ్డ, పెద్ద చదువు చదివింది, చేస్కోనీ అన్న. నా దుకాణం మూయించెటందుకా?"

దుకాణం వెనకే ఇల్లు. మధ్యలో పరదా. ఆ పరదా జరిపి ఆయన భార్య షౌకత్ బీ ముందుకు వచ్చింది. ఆమె చంకలో మనవరాలు హిబా ఉంది. మూడేళ్ల పిల్ల, నోట్లో వేళ్లు పెట్టుకుని చూస్తోంది.

"జర ఆగుండ్రి," అని భర్తను ఆపి, పూజితను అడిగింది. "పోరికి ఏమన్నయితదా దీంతోని?"

"కావచ్చు చాచీ. చిన్న పిల్లలకే ఎక్కువ. రక్తపరీక్ష చేయిస్తె తెలుస్తది."

"నీకెప్పుడు తెల్సింది?"

"వానలప్పుడు."

"వానలప్పుడా?" షౌకత్ బీ పిల్ల నోట్లోంచి వేళ్లు తీసి కొంగుతో తుడిచింది. "ఇప్పుడు చలి పెడుతున్నది బేటీ."

పిల్లతో లోపలికి వెళ్లింది. పరదా పడింది. అజ్మత్ అలీ మంట ముందుకు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున షౌకత్ బీ బురఖా వేసుకుని, హిబాను ఎత్తుకుని, కృష్ణయ్య ఇంటి గేటు ముందు నిలబడింది. "ఏ దవాఖాన అయితె ఆ దవాఖానకు పోదాం, పా," అంది. పూజిత కాలేజీకి సెలవు పెట్టి వెంట వెళ్లింది. సూది గుచ్చినప్పుడు పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. రిపోర్టు వచ్చేదాకా పూజిత చేతులు ఊరికే ఉండలేదు. ఇల్లు తుడిచింది, తుడిచిన గదినే మళ్లీ తుడిచింది. వాకిట్లో నీళ్లు చల్లి, ఆ నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తూ నిలబడింది.

మళ్లీ దవాఖానకు వెళ్తే, పిల్ల రక్తంలో సీసం ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందని తేలింది. ఇప్పటికి మందు అక్కర్లేదని, పిల్లను ఆ దుమ్ములోకి పోనివ్వొద్దని, చేతులు కడిగిస్తూ మంచి తిండి పెట్టి, కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేయించమని డాక్టరమ్మ చెప్పింది. షౌకత్ బీ విన్నది. తిరుగు ఆటోలో పిల్ల రెండు చేతులూ పట్టుకుని బయటికే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం పూజిత ఆండాలు గారి పక్కన కూర్చుని ఎడిటర్‌కు ఉత్తరం రాసింది. ఇళ్లు గుర్తుపట్టే వివరాలు బయటపెట్టలేనని, వాటిని లైబ్రరీ భద్రంగా ఉంచుతుందని, గళ్ల మ్యాపు మాత్రం ఇస్తానని రాసింది. గంటల్లో జవాబు వచ్చింది. సంపాదక మండలి ముందు పెడతామని, ఎప్పటికి తేలుతుందో చెప్పలేమని.

డిపార్ట్‌మెంట్ హెడ్ జగదీశ్వర్ గారు ఆ మాట విని తల పట్టుకున్నారు. "ఒక్క ఫైల్ అప్‌లోడ్ చేస్తే అయిపోయేది కదమ్మా. నీ జూనియర్లు నీకంటే ముందుకెళ్లిపోతారు."

"తెలుసు సార్," అంది పూజిత. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. చేసింది తప్పని కాదు. ప్రమోషన్ పోయిందన్న బాధ ఇంత గట్టిగా ఉంటుందని అనుకోలేదు.

ఆండాలు గారు ప్రతి ఇంటికీ ఒక కాగితం తయారు చేయించారు. ఒకవైపు తెలుగు, రెండో వైపు ఉర్దూ. ఆ ఇంటి ముందు ఎంత సీసం ఉందో, పిల్లల విషయంలో ఏం జాగ్రత్త పడాలో అందులో ఉంది. పూజిత అవి పట్టుకుని బయలుదేరితే రెండిళ్లవాళ్లు తలుపు తీయలేదు. ఒకామె తీసి, "గీ లొల్లంతా మాకెందుకు?" అని మొహం మీదే వేసేసింది. తర్వాతి ఇంటి నుంచి కృష్ణయ్య వెంట వచ్చాడు. దినాం పాలు పోసే మనిషిని చూసి తలుపులు తెరిచారు. ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదు, కూతురు చెప్పేది అయ్యేదాకా పక్కన నిలబడేవాడు. అయినా ఆ నెల మూడిళ్లవాళ్లు పాలు మానేశారు.

అజ్మత్ అలీ కొన్నాళ్లు షట్టర్ దించి ఉంచాడు. తర్వాత కరిగించే పనిని ఊరి బయట ఫ్యాక్టరీల మధ్య ఒక షెడ్డుకు మార్చాడు. గల్లీలో బ్యాటరీలు అమ్మడం, చార్జింగ్ పెట్టడం మాత్రం మిగిలింది. షౌకత్ బీ పట్టుబట్టి ఇంటి ముందు మట్టి తవ్వించి సిమెంటు వేయించింది. రెండోసారి పరీక్షలో హిబా అంకె కొద్దిగా దిగింది. ఆ రిపోర్టు పూజితకు చూపించడానికి షౌకత్ బీ వచ్చింది. అజ్మత్ అలీ రాలేదు. ఎదురుపడితే ఆయన సలాం తీసుకుంటాడు, అంతే.

వ్యాసం ఎండాకాలంలో వచ్చింది. గళ్ల మ్యాపుతోనే వచ్చింది.

ఆ తర్వాత వారం పూజిత మలక్‌పేట వెళ్లింది. రెండో అధ్యయనానికి అక్కడ కొన్ని బ్యాటరీ దుకాణాలు చూసుకుంది. మొదటి దుకాణంలో యజమానికి తాను ఎవరో, ఏం కొలుస్తుందో, ఎక్కువ తేలితే ముందు ఎవరికి చెప్తుందో, అంకెలు ఎక్కడ ఉంటాయో అన్నీ చెప్పింది. ఆయన పూర్తిగా విన్నాడు.

"వద్దమ్మా," అన్నాడు.

"సరే అన్నా," అని పూజిత ఎండలోకి దిగి, పక్క దుకాణం వైపు నడిచింది.