పడవ పాట

చేపకి బూడిద రాసి కత్తిపీట ముందు కూర్చుంటే చాలు, నిభ గొంతులోకి ఆ పడవ పాట వచ్చేసేది. ఆ పాట ఉన్న సినిమా కాట్వా ఊళ్లోని హాల్లో ఆడి చాలా ఏళ్లయింది. ఇంట్లో అందరూ చూశారు. "నువ్వూ వస్తే, మేం తిరిగొచ్చేసరికి అన్నం ఎవరు వండి పెడతారు?" అన్నాడు మొగుడు బిమలేందు. నిజమే కదా అనుకుంది. కానీ ఏటా దుర్గాపూజ పందిట్లో మైకులో ఆ పాటలే వేసేవారు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి విని అన్నీ నేర్చుకుంది. కథ ఎవరు చెప్పబోయినా వద్దనేది. కథ తనే కట్టుకుంది.

తన కథలో ఆ అమ్మాయి తెల్లారకముందే రేవుకెళ్లి, పడవెక్కి, పాడుకుంటూ వెళ్లిపోతుంది. పాట సగానికి వచ్చేసరికి పడవలో ఉన్నది నిభే అయ్యేది. రేవులో మొగుడూ అత్తగారూ చిన్నగా అయిపోయి కనిపించకుండా పోయేవారు. కూతురు టుకు మాత్రం గౌను తడుస్తున్నా నీళ్లలోనే నిలబడి చూస్తూ ఉండేది. అక్కడ నిభ పాట ఆపేసేది. మనసులోనే అయితే మాత్రం, కన్నబిడ్డని వదిలేసి ఎలా వెళ్లింది? ఏ తల్లయినా చేసే పనేనా? ఆ తప్పు ఎవరికి చెప్పుకోవాలో తెలీక, ఆ మధ్యాహ్నం తన వంతు చేపముక్క టుకు కంచంలో వేసేది. తను ఒట్టి పులుసుతో తినేది.

"మా కోడలికి చేపంటే పడదమ్మా," అని అత్తగారు పొరుగింటావిడతో చెప్పేది.

నిన్న ఆ సినిమా మళ్లీ వచ్చింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "అమ్మ టిక్కెట్టు దండగైపోతుంది, నువ్వు రా," అన్నాడు బిమలేందు.

హాల్లో నిభ కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. తన గుట్టంతా తెర మీద బయటపడుతుందని భయం. పడవ పాట వచ్చింది. ఆ అమ్మాయి పడవెక్కనేలేదు. రేవులో కూర్చుని, వేరెవరో వెళ్తున్న పడవని చూస్తూ, గిన్నెలు తోముతూ పాడింది. తర్వాత గిన్నెలు పట్టుకుని ఇంటికెళ్లింది.

"చూశావా, ఆడదంటే అలా ఉండాలి," అన్నాడు బిమలేందు రిక్షాలో. "ఏడుస్తున్నావేంటి, అంత నచ్చిందా?"

"ఊ," అంది నిభ. ఇన్నేళ్లూ తనలాంటి మనిషి ఇంకొకతి ఉందనుకుని కాస్త ఓర్చుకుంది. తీరా చూస్తే, వదిలేసి వెళ్లింది తనొక్కతే.

ఇవాళ చేప కోస్తుంటే టుకు వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ సినిమా చివర్లో ఆమె ఏమైంది? నాన్నని అడిగితే, పిల్లలకెందుకు అన్నాడు."

కత్తిపీట మీద నిభ చేతులు ఆగాయి.

"పడవెక్కింది."

"ఒక్కతేనా?"

"కాదు. ముందు కూతుర్ని ఎక్కించి, తర్వాత తనెక్కింది."

"మరి ఇంట్లోవాళ్లకి అన్నం ఎవరు వండుతారు?"

"ఆకలేసినవాళ్లు," అంది నిభ.

ఆ పూట పాట ఎక్కడా ఆపకుండా చివరిదాకా పాడింది. మధ్యాహ్నం, అత్తగారు చూస్తుండగానే, తన వంతు ముక్క తన కంచంలో వేసుకుంది.