ఏడో అడ్డుకర్ర

ఉర్మస్ మీద నా కోపం ఒక చెక్క పలక గురించి. నది ఒడ్డున మా కొట్టం తలుపు మీద ఊరి పెద్దలు దాన్ని బిగించి పోయారు: "దోనెల నిపుణుడు ఉర్మస్." నిజమే, ఇరవై ఆరేళ్ళుగా నా మొగుడు ఆస్పెన్ చెట్ల దుంగలు తొలుస్తున్నాడు. తొలిచిన దుంగ పశువుల తొట్టిలా ఉంటుంది. అది దోనె అయ్యేది ఆ మర్నాడు. రెండు పక్కలా మంట, పైన నీళ్ళు, లోపల పక్కలు విచ్చుకునేలా ఒకదాని కంటే ఒకటి పొడుగు అడ్డుకర్రలు. చెక్క ఎంతవరకు సాగుతుందో అరచెయ్యి ఆనించి చెప్పేది నేను. నేను చాలంటేనే అతను ఆగుతాడు. ఈ సంగతి మా అత్తగారు లైనెకీ తెలుసు. "నీళ్ళు మోయడం కూడా ఒక విద్యేనా?" అంటుందావిడ.

ఈ వసంతంలో నేర్చుకోవడానికి పదిమంది వచ్చారు. పొద్దున్నే వాళ్ళకు రై పిండి రొట్టె కోసి, కాఫీ కాచి, కట్టెలు పేర్చి, బకెట్ పట్టుకుని నిలబడ్డాను. "ఇది మా ఆవిడ మైరె. నీళ్ళు చల్లుతుంది," అన్నాడు ఉర్మస్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆరో కర్ర దగ్గర నా చేతికింద చెక్క బిగుసుకుంది.

"చాలు," అన్నాను.

"విన్నారా? కాఫీ ఇచ్చేవాళ్ళు కూడా పాఠాలు మొదలెట్టారు!"

"చీలుతుంది ఉర్మస్. ఆపు."

"నువ్వెళ్ళి సూపు సంగతి చూడవే."

ఏడో కర్ర పెట్టి సుత్తితో కొట్టాడు. దోనె ముక్కు నుంచి నడుము దాకా చీలింది.

"మంట ఎక్కువ పెట్టావే, మహాతల్లీ!" అంది అత్తగారు నాతో.

పదిమందిలో కద్రి అనే పిల్ల మాత్రం నా దగ్గరికొచ్చింది. "అక్కా, మీకు ముందే ఎలా తెలిసింది?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. ఆమె అరచేతిని చీలని వైపు ఆనించాను. "వేడిగా ఉందా? ఇప్పుడు నీళ్ళు పోస్తున్నా. మెత్తబడుతోందా? మెత్తబడనంటే ఇక దాన్ని బలవంతపెట్టకూడదు." తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి చేతులు పెట్టారు. సూపు మాడిన వాసన వచ్చింది. నేను కదల్లేదు.

వేసవికల్లా వంతెన అవతల ఒక కొట్టం తీసుకున్నాను. కద్రితో కలిపి ఆరుగురు నా దగ్గరే చేరారు. పోతే పో, ఆస్పెన్ తోపు మాత్రం నాదే అన్నాడు ఉర్మస్. అది మా నాన్న నాకిచ్చింది. పెళ్ళయిన ఏడాది అతని పేరు మీదికి మారుస్తూ సంతకం పెట్టింది నేనే. ఉంచుకోమన్నాను. దుంగలు కొనుక్కుంటాను. అలా నేను వదులుకుంది, నది వంపులో సరిగ్గా మూడున్నర హెక్టార్లు.