తలంబ్రాల ఆకు కషాయం

అంట్లు తోముతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. "అమ్మీ, ముందు ఇది తాగు" అని మా అత్త సుందరమ్మ గ్లాసు అందించింది. తలంబ్రాల చెట్టు ఆకు కషాయం.

గండికోట ప్రాజెక్టు నీళ్లలో మా ఊరు మునిగాక కొండాపురం దగ్గరి కాలనీకి వచ్చాం. ఇళ్ల వెనక బీడంతా ఆ ముళ్లపొదే, గుత్తులుగా పసుపు, గులాబీ పూలు. పోయినేడు కొడవలి తెగిన నా వేలికి అత్త ఆ ఆకే నూరి కట్టింది. మానింది. అందుకే నెలనెలా రక్తం ఆగకుండా పోతుంటే కూడా ఆమెనే నమ్మాను. డాక్టరు దగ్గరికి పోదామని నా భర్త వినోద్ కుమార్‌ను అడగకపోలేదు. "ఆడోళ్లకు మామూలే గదా, దానికీ డాక్టరేందే?" అన్నాడు. ఆ మాటతో నా ఒంటి సంగతి నాకే సిగ్గనిపించి మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో వంట, అంగన్‌వాడీలో ఆయా పని, అన్నీ ఆ నీరసంతోనే లాక్కొచ్చాను.

ఒక సాయంత్రం మా మేక మేత మానేసింది. కళ్లు పచ్చబడ్డాయి. వినోద్ దాన్ని వెంటనే తన ఆటోలో జమ్మలమడుగు పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ ఆటో నా కోసమని ఒక్కసారీ కదల్లేదు.

"తలంబ్రాల ఆకు మేసిందంట. లివరు చెడిపోతాదంట" అన్నాడు తిరిగొచ్చి.

వెంటనే అడిగాను. "నేను తాగేది గూడా ఆ ఆకే గదా?"

"అది పచ్చిది మేసింది. నువ్వు కాంచుకోని తాగుతాండావు. రెండూ ఒకటేనా?" అంటూ మేకకు మందు పట్టడానికి పోయాడు.

అత్త నా కింది రెప్ప లాగి వెలుతురులో చూసింది. "పసుపుగుండాదమ్మీ! గాయానికి మంచిదైతే కడుపుకూ మంచిదే అనుకున్యా. నన్నెవురు డాక్టరు కాడికి తీసకపోయినారు, నాకు తెలిసేదానికి?" అని కషాయం గిన్నె ఎత్తుకుపోయి పారబోసింది.

తెల్లారి నేను పొయ్యి వెలిగించలేదు. చీర మార్చుకుని చెప్పులు వేసుకున్నాను.

"యాడికి పోతాండావు? అన్నమెవురు చేస్తారు?" అన్నాడు వినోద్.

"ప్రొద్దుటూరికి. డాక్టరు కాడికి" అన్నాను. వీధిలోకి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. అత్త కూడా వస్తోంది.

కషాయం సంగతంతా విని డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. గర్భసంచిలో గడ్డ ఉందని, వైద్యంతో తగ్గుతుందని చెప్పింది. "లివరు కూడా కొంచెం దెబ్బతింది. ఇప్పుడే మానేశారు కాబట్టి సరిపోయింది. ఆ ఆకు పైన పూస్తే పూశారు గానీ, కడుపులోకి పోతే విషమే."

మందుల చీటీ తీసుకుని లేచాను. అత్త లేవలేదు. తలుపు మూసి ఉందో లేదో చూసుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నాకు గూడా ఒగ బాధ ఉండాదమ్మా" అంది మెల్లగా. "శానా ఏండ్లయింది. ఎవురికీ చెప్పలా."

నేను మళ్లీ కూర్చున్నాను.