మనుషులు లేని ఫోటోలు

ఎల్లస్వామి కాలు ఒకచోట నిలిచేది కాదు. వరంగల్ మండిబజారులో బావ లక్ష్మీనారాయణ నడిపే ఫోటో స్టూడియోలో పదేళ్లుగా అదే పని: మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టడం, గడ్డం కొంచెం ఎత్తమనడం, కళ్లార్పొద్దనడం, బటన్ నొక్కడం. వెనక కట్టిన తెర మీద ఎప్పుడూ అవే కొండలు, అవే కొంగలు. మధ్యాహ్నం గిరాకీ పలచబడిందంటే చాలు, యాషికా కెమెరా మెడలో వేసుకొని సైకిలెక్కేవాడు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాల దగ్గర కాసేపు, చార్‌బౌళి సందుల్లో కాసేపు, ఖిల్లా మట్టికట్ట వెంట కాసేపు తిరిగేవాడు. తెచ్చిన ఫోటోలు ఎవరూ కొనేవాళ్లు కాదు. అయినా రెండు రోజులు ఇల్లు, దుకాణం తప్ప ఏమీ చూడకపోతే అతనికి అన్నం సయించేది కాదు.

"నీ కాళ్లకేమన్న సక్రాలున్నయారా? కూసున్న గిరాకీని ఇడిసిపెట్టి ఊరంత తిరుగుతానవు," అని బావ తిట్టేవాడు. భార్య కమల తిట్టేది కాదు. కూర చల్లారిందని మాత్రం చెప్పేది.

అందుకే పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవిలో మున్సిపల్ ఓవర్సీర్ వీరభద్రం స్టూడియోకు వచ్చి పని చెప్పగానే ఎల్లస్వామి బావ కంటే ముందు తలూపాడు. మట్టెవాడ నుంచి కొత్తవాడ దిక్కు పోయే రోడ్డును వెడల్పు చేస్తారట. రోడ్డు వెంట ఎనభై మూడు ఇళ్లూ కొట్లూ ఉన్నాయి. తలుపుల మీద నంబర్లు వేసి పెట్టారు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఫోటో కావాలి.

"మనుషులొద్దు," అన్నాడు వీరభద్రం. "తలుపు కనవడాలె, గోడ కనవడాలె, నంబరు కనవడాలె. గంతే. మనుషులు నిలవడితే గోడ దాస్తరు."

ఆ వారం రోజులు ఎల్లస్వామి ఎండను లెక్కచేయలేదు. తిరగడమే పని అయినప్పుడు ఇంకేం కావాలి? పొద్దున్నే వచ్చి, నీడలు పడే తీరు చూసుకొని, అటు వైపు ఇళ్లు ముందు, ఇటు వైపు ఇళ్లు తరువాత తీసేవాడు. కెమెరాను రొమ్ముకు ఆనించి, పైనున్న అద్దంలోకి తలవంచి చూస్తే వీధి అంతా కుడి ఎడమలు తారుమారై చిన్నగా కనిపించేది. జనం గుమిగూడేవాళ్లు. అతను తలెత్తకుండానే చెయ్యి ఊపేవాడు. "జర పక్కకు జరుగున్రి. అవ్వా, నువ్వు గూడ."

పేలాల బట్టీ నడిపే మొగిలమ్మ పక్కకు జరిగింది గాని ఊరుకోలేదు. "నన్ను దియ్యవా బిడ్డా? గా పాత తలుపును దీసి ఏం జేసుకుంటరు?"

"సర్కారోల్లకు తలుపే కావాల్నట అవ్వా."

ఇంకో గడపకు పోయేసరికి మొండయ్య అన్నం తింటున్నాడు. పాలకుర్తి దిక్కు నుంచి బతకొచ్చిన హమాలీ. భార్య సారలమ్మతో ఒక్క గదిలో ఉంటాడు. ఎల్లస్వామి తలుపు ముందు నిలబడి పిలిస్తే, మారు మాట్లాడకుండా కంచం చేత పట్టుకొని బయటికి వచ్చాడు. వేళ్లకు అన్నం అంటుకొని ఉంది. ఆయన వెనక సారలమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ ఎండలో గోడ పక్కన నిలబడ్డారు. ఫోటో అయిపోగానే లోపలికి వెళ్లిపోయారు.

అన్నిటికంటే ఎక్కువసేపు అతన్ని పట్టి ఉంచింది గౌస్ పాషా షెడ్డు. ఊళ్లో సినిమా టాకీసుల ముందు నిలబెట్టే పెద్ద పెద్ద బొమ్మలు గౌస్ పాషా వేసేవాడు; కాపురం కూడా షెడ్డు వెనక గదిలోనే. రేకుల కింద, వెదురు కర్రల ఆసరాతో, మనిషంత ముక్కు ఒకచోట, తలుపంత కన్ను ఒకచోట ఆరుతూ ఉండేవి. లోపలి గోడకు ఇరవై ఏళ్లుగా కుంచెలు తుడుస్తూ వచ్చాడు. రంగు మీద రంగు పేరుకొని గోడ బెరడు కట్టిన చెట్టులా అయింది. ఎల్లస్వామి ఆ గోడకు నాలుగు ఫోటోలు తీశాడు. ఆఫీసుకు ఒక్కటీ పనికిరాదని తెలుసు.

"కాలా సఫేద్ ఫిలింల ఏమొస్తది భాయ్? బొగ్గు రాసినట్టొస్తది," అని నవ్వాడు గౌస్ పాషా. చేతిలో కుంచె అలాగే ఉంది.

"నువ్వు జర అవతలికి రా భాయ్. షెడ్డు ముందల నుంచి ఒకటి తియ్యాలె."

గౌస్ పాషా రోడ్డు దాటి అవతలికి వచ్చి నిలబడ్డాడు. ఫోటోలో షెడ్డు, రేకులు, నంబరు చక్కగా వచ్చాయి.

ఎనభై మూడు ఫోటోలూ అట్టకు అంటించి ఇచ్చాడు. వీరభద్రం చూసి మెచ్చుకున్నాడు. ఎల్లస్వామికి మళ్లీ స్టూలూ కొంగలే మిగిలాయి. వానాకాలమంతా కాలుగాలిన పిల్లిలా స్టూడియోలోనే అటూ ఇటూ తిరిగాడు.

దీపావళి వెళ్లిన నాలుగో రోజు గౌస్ పాషా స్టూడియోకు వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు గడప దగ్గరే నిలబడ్డాడు.

"తమ్మీ, నా షెడ్ల ఎవరుంటరు?"

"నువ్వే ఉంటవు. ఏమైంది భాయ్?"

"ఎవ్వరుండరట. లిస్టు అంటిచ్చిన్రు. ఖాళీ షెడ్డని రాసిన్రు. ఖాళీవి ముందు గూలగొడ్తరట. ఇండ్లు పోయినోల్లకు మడికొండ దిక్కు జాగలిస్తరట గని, ఖాళీయని రాసినోల్లకు లేవట."

ఎల్లస్వామి సైకిలు తీసుకొని వెళ్లి చూశాడు. గోడకు అంటించిన కాగితంలో పంతొమ్మిది నంబర్ల పక్కన 'నివాసం లేదు' అని ఉంది. మొగిలమ్మది ఉంది. మొండయ్యది ఉంది. ఆ నంబర్లు అతనికి గుర్తే. తలుపులు మూసి ఉన్న ఫోటోలు అవి. లోపలి చీకటి ఫోటోలో పడకుండా తలుపు దగ్గరికి వేయమని అడిగింది తనే.

అక్కడి నుంచి నేరుగా వీరభద్రం దగ్గరికి పోయాడు.

"నేనేం జెయ్యాలె?" అన్నాడు వీరభద్రం. "లిస్టు రాసినోడు ఫోటోలు జూసి రాసిండు. తలుపులు మూసి ఉన్నయి, మనిషి లేడు. లేడని రాసిండు."

"మీరే మనుషులొద్దంటిరి గద సార్."

"కాగితం మీద రాసిచ్చిన్నా?" అన్నాడు, తరువాత గొంతు తగ్గించాడు. "బేస్తారం విచారణుంది. రుజువు దెచ్చుకొమ్మను. పెద్ద సారు ఇంటడు, మంచోడే."

రుజువంటే ఏం ఉంటుంది? చాలామంది రేషన్ కార్డులు సొంత ఊళ్లలోనే ఉన్నాయి. గౌస్ పాషా కరెంటు మీటరు పక్కింటాయన పేరు మీద ఉంది. ఎల్లస్వామికి తెలిసిన రుజువు ఒక్కటే. స్టూడియోకు వచ్చి బీరువా తెరిచి, ఉన్న కొత్త రీళ్లన్నీ సంచిలో వేసుకున్నాడు.

బావ అడ్డం నిలబడ్డాడు. "ఆఫీసోల్లతోని కొట్లాట పెట్టుకుంటవా? రేపు మనకు పనెవడిస్తడు?"

"వాల్లను బయటికి పిలిచింది నేనే బావా."

"నీకు జెప్పిన్రు, నువ్వు జేసినవు."

ఎల్లస్వామి సంచి భుజానికి తగిలించుకున్నాడు. లక్ష్మీనారాయణ పక్కకు తప్పుకున్నాడు.

ఆ రెండు రోజులు ఎల్లస్వామి మళ్లీ ఆ రోడ్డు మీదే తిరిగాడు. ఈసారి తలుపులు బార్లా తెరిపించాడు. మొగిలమ్మను బట్టీ ముందు కూర్చోబెట్టాడు. పేలాలు ఎగురుతుంటే ఆమె కళ్లు మూసుకుంది, ఇంకోటి తీశాడు. గౌస్ పాషా సగం వేసిన బొమ్మ మీసం కింద నిచ్చెనెక్కి నిలబడ్డాడు. పద్దెనిమిది గడపలయ్యాయి. మొండయ్య గదికి తాళం ఉంది.

"తొర్రూరు పోయిన్రు," అంది మొగిలమ్మ. "పత్తి మార్కెట్ల మోతపని. సంకురాత్రిదాక రారు."

ఎల్లస్వామి తాళాన్ని పట్టుకొని చూశాడు. తొర్రూరు పోయి రావడానికి వేళ లేదు. ఫోటోలు కడగాలి, విచారణ ఎల్లుండే.

మరునాడు మధ్యాహ్నం దాకా చీకటి గదిలో గడిపాడు. మొండయ్య ఇంటి పాత నెగెటివ్ వెతికి వెలుతురులో పట్టి చూస్తే, అంచున ఒక చెయ్యి ఉంది. కంచం పట్టుకున్న చెయ్యి. మోచేతి దాకానే ఉంది. ఆఫీసుకిచ్చిన ఫోటోలో దాన్ని కత్తిరించింది కూడా తనే. ఇప్పుడు ఆ చేతిని పెద్దది చేసి అచ్చు వేశాడు.

ఫోటోలన్నిటినీ ఆరబెట్టి నంబర్ల వరుసన పెట్టడానికి స్టూడియోలో చోటు చాలక గౌస్ పాషా షెడ్డుకు పట్టుకుపోయాడు. వెదురు కర్రల మధ్య దారాలు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశారు. కింద గౌస్ పాషా బొమ్మల రంగురంగుల మొహాలు, పైన వీధివాళ్లవి, అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు మొహాలు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఆడవాళ్లు చెంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఎల్లస్వామి కొత్త కవరు కొనడానికి చౌరస్తా దాకా పోయి, తిరిగి వచ్చేసరికి దారాల మీద క్లిప్పులు మాత్రమే ఉన్నాయి. ఒక్క చెయ్యి ఫోటో మాత్రం ఊగుతోంది.

"ఏవి?"

"ఎవలయి వాల్లు తీస్కపోయిన్రు," అన్నాడు గౌస్ పాషా సిగ్గుపడుతూ. "నేనేం జెప్పాలె? నాదిగూడ మా ఇంటామె తీస్కపోయింది. రజియా వాల్లమ్మకు సూపిస్తనన్నది."

"రేపు విచారణ భాయ్! ఫైలు గట్టి ఇయ్యాలె! పెండ్లి ఫోటోలనుకుంటాన్రా?"

అప్పటికే సాయంత్రం గిరాకీ వేళ, సగం మంది పనులకు పోయారు. తలుపులు తట్టాడు. కొందరు లేరు, కొందరు రేపు తెస్తామన్నారు. మళ్లీ కడుగుదామంటే స్టూడియోలో ఫోటో కాగితం అయిపోయింది. ఇంటికి పోయి కమలకు చెప్పాడు. చెబుతూ వంటింట్లో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూనే ఉన్నాడు.

"తెస్తమన్నోల్లు తేకుంట ఉంటరా?" అంది కమల. "ఇల్లు ఎవరిది? నీదా, వాల్లదా?"

బేస్తవారం పొద్దున ఆఫీసు వరండాలో ఎల్లస్వామి చెయ్యి ఫోటోతో ఒక్కడే నిలబడ్డాడు. పది దాటింది. అప్పుడు మొదట గౌస్ పాషా కనిపించాడు. వెనక మొగిలమ్మ. ఆ వెనక ఒకరి తరువాత ఒకరు గేటు దాటి వచ్చారు. ఒకాయన ఫోటోను టిఫిను డబ్బాలో పెట్టుకొచ్చాడు. ఒకామె రుమాలులో చుట్టుకొచ్చింది. పద్దెనిమిది మందీ వచ్చారు.

పెద్ద సారు ఒక్కొక్కరినీ పిలిచాడు. ఫోటో చూసేవాడు, మనిషిని చూసేవాడు, లిస్టులో కొట్టేసి రాసేవాడు. మొగిలమ్మ తన ఫోటోను రాత్రికి రాత్రే అద్దం ఫ్రేములో బిగించి, కుంకుమ బొట్టు పెట్టి తెచ్చింది.

"ఇది ఫైల్ల పట్టదమ్మా. ఫ్రేము తీసి ఇయ్యి."

"తియ్య. నువ్వు జూసినవు గద, రాస్కో."

పెద్ద సారు ఆమెను చూసి, ఫ్రేమును చూసి, నవ్వు ఆపుకొని రాసుకున్నాడు.

చివరికి ఎల్లస్వామి లోపలికి పోయి చెయ్యి ఫోటో బల్ల మీద పెట్టాడు. మొండయ్య సంగతంతా చెప్పాడు. పెద్ద సారు ఓపికగానే విన్నాడు.

"ఇది ఎవరి చెయ్యో నేనెట్ల రాయాలయ్యా? మనిషిని తీస్కరా."

మరునాడే శుక్రవారం మొదటి బస్సుకు పోదామనుకున్నాడు. కాని ఆ పొద్దునే కూలగొట్టేవాళ్లు వచ్చేశారు. లిస్టులో ఖాళీగా మిగిలింది మొండయ్య గది ఒక్కటే. తాళం పగలగొట్టారు. ఎల్లస్వామి, మొగిలమ్మ, గౌస్ పాషా కలిసి లోపలి సామాను బయటికి మోశారు: నులక మంచం, రెండు బిందెలు, రేకు పెట్టె, గోడకు వేలాడుతున్న అద్దం. అన్నీ షెడ్డులో సర్దారు. గోడ పడుతున్నప్పుడు కెమెరా మెడలోనే ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు.

మధ్యాహ్నానికి తొర్రూరు మార్కెట్లో ఉన్నాడు. బండ్ల మీద పత్తి, నేల మీద పత్తి, గాలిలోనూ పత్తి. మొండయ్య పత్తి కుక్కిన ఒక గోనె బోరెం వీపు మీద మోస్తూ ఎదురొచ్చాడు. తల మీద, కనుబొమల మీద దూది అంటుకొని ముసలివాడిలా ఉన్నాడు. ఎల్లస్వామిని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"ఫోటోలాయన గద నువ్వు?"

ఎల్లస్వామి నిలబడే చెప్పాడు. ఏదీ దాచలేదు. మొండయ్య బోరెం దించి దాని మీద కూర్చున్నాడు. పక్కనే పత్తి ఎత్తుతున్న సారలమ్మ చేతులాపి విన్నది. "నా బిందెలు?" అని మాత్రం అడిగింది. ఉన్నాయన్నాడు.

మొండయ్య కనుబొమల మీది దూది తుడుచుకున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు. "నువ్వచ్చిన్నాడు నేను ఇంట్లనే ఉంటి గద. అన్నం దింటాన్న. బయటికి రమ్మంటివి, వస్తి."

"అవునన్నా."

"మల్ల లేనని ఎట్ల రాసిన్రు?"

"నాతోని రా అన్నా, సారు దగ్గరికి పోదాం," అన్నాడు ఎల్లస్వామి. మొండయ్య మేస్త్రీకి చెప్పి, మొహం కడుక్కొని, చొక్కా దులుపుకొని వచ్చాడు. వరంగల్ దాకా బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు.

ఒకసారి పోతే పని కాలేదు. పెద్ద సారు క్యాంపులో ఉన్నాడు, ఇంకోసారి ఫైలు దొరకలేదు. నాలుగోసారి లిస్టు అడుగున, టైపు కొట్టిన పేర్ల కింద, మొండయ్య పేరు సిరాతో రాశారు. ఆ మరుసటి ఎండాకాలం మిగతా ఇళ్లూ పడ్డాయి. రోడ్డు వచ్చింది. మడికొండ దిక్కున రాళ్లు పాతిన జాగలు పంతొమ్మిది మందికీ దొరికాయి. మొగిలమ్మ అక్కడ పేలాలు కొనేవాళ్లు లేరని గొణుగుతూ బట్టీ పెట్టింది. గౌస్ పాషా ఆ జాగలో ఇల్లు కట్టి, ఊరికి దూరమైందని బొమ్మలకు కాజీపేటలో ఇంకో షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. ఆఫీసు పని మళ్లీ స్టూడియోకు రాలేదు. బావ ఆ మాట నెలకోసారైనా ఎత్తేవాడు.

ఎల్లస్వామి మధ్యాహ్నాలు సైకిలు తొక్కుకుంటూ మడికొండ దాకా పోవడం మొదలుపెట్టాడు. లేస్తున్న గోడలు, ఇటుక బట్టీలు, కొత్త గడపలకు పసుపు రాసే ఆడవాళ్లు, అన్నీ తీసేవాడు. అందరూ పిలిచి మరీ నిలబడేవాళ్లు. మొండయ్య మాత్రం ఒక్కనాడూ ఫోటో దిగలేదు. కోపం చూపేవాడు కాదు. ఎదురైతే కూర్చోమనేవాడు, చాయ్ తెప్పించేవాడు, తొర్రూరు పత్తి ధర చెప్పేవాడు. ఎల్లస్వామి చెయ్యి కెమెరా మీదికి పోయిందంటే మాత్రం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి గోడ వెనక్కి వెళ్లిపోయేవాడు. ఎల్లస్వామి గ్లాసు చేత పట్టుకొని కాసేపు చూసేవాడు. తరువాత సారలమ్మకు గ్లాసిచ్చి, సైకిలు స్టాండు తీసి, ఇంకో సందులోకి తిప్పేవాడు.