జలుబు చీటీ

"తర్వాత!" అని నర్సు గట్టిగా పిలిచింది. పరుపుల ఫ్యాక్టరీ వైద్యగది ముందు వరస తలుపు దాటి మెట్ల మీదికి పాకింది. అందరూ దగ్గుతున్నారు. అందరి ముక్కులూ కారుతున్నాయి.

లోపలికి వచ్చింది ఆమె వదిన. దూది ఏకే గదిలో పని. జుట్టు నిండా నూగు. పోయిన ఏడాది దాకా అన్నయ్యదీ ఆ గదే.

"ఏంటి వదినా, నువ్వూనా?"

"జలుబే అమ్మడూ. గొంతు గరగర, ముక్కు దిబ్బడ. నిన్నటి నుంచే. తొందరగా చీటీ ఇచ్చెయ్, బయట మేస్త్రీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు."

నిన్నటి నుంచే. అందరిదీ అదే మాట. కంప్యూటర్లో జలుబు కోడ్ పడితే చీటీ వస్తుంది, మనిషి తిరిగి పనిలోకి వెళ్తాడు. ఛాతీ జబ్బు కోడ్ పడితే పరీక్షలయ్యేదాకా పని లేదు. ఆ పరీక్షలు ఎవరికీ అయినట్టు నర్సు చూడలేదు. బయట జనం సెలవు కోసం లేని జబ్బు నటిస్తారు. ఇక్కడ పెద్ద జబ్బు దాచడానికి చిన్న జబ్బు నటిస్తారు.

వదిన ముక్కు తుడుచుకుంది. కర్పూరం వాసన గుప్పుమంది. నర్సు చెయ్యి ఆగిపోయింది.

"గుప్పిట్లో ఏంటది?"

బామ్ డబ్బా. మూత సొట్ట. అన్నయ్యది. ముక్కు కింద కాస్త రాస్తే చాలు, కళ్ళూ ముక్కూ ధారకడతాయి. "ఈ ఒక్కసారికీ జలుబని కొట్టెయ్ అమ్మడూ" అని నవ్వేవాడు. ప్రతిసారీ తనే కొట్టింది. అతన్ని మోసుకెళ్ళిన రోజున కూడా కంప్యూటర్లో అతనికున్నది జలుబే.

"దీన్ని వరసంతా తిప్పుతున్నావా?"

"మీ అన్న వదిలిపోయిన ఆస్తి ఇదొక్కటే. ఒక్కదాన్నే అనుభవించమంటావా?" వదిన నవ్వబోయి దగ్గింది. దగ్గు తెగలేదు. బల్ల అంచు పట్టుకుంది.

పక్క కుర్చీలో ఉన్న డాక్టరు ఫోన్లోంచి తలెత్తలేదు. "జలుబే కదా? కొట్టెయ్యమ్మా. బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు."

నర్సు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"కొట్టను సార్. ముందు వీపు మీద పెట్టి వినండి."

"అమ్మడూ, వద్దే!" వదిన గొంతు తగ్గించింది. "పని పోతే పిల్లలకేం పెట్టను?"

"నువ్వే పోతే?"

"పోతే నేను పోతాను. నీకెందుకు?"

డాక్టరు విసుగ్గా లేచి స్టెతస్కోపు అందుకున్నాడు. వీపు మీద ఒకచోట పెట్టాడు. ఇంకోచోట. ఆ విసుగు మొహంలోంచి మెల్లగా దిగిపోయింది.

"నిజం చెప్పు. ఎన్నాళ్ళ నుంచి?"

వదిన అతని వైపు చూడలేదు. మరదలి వైపే చూసింది.

"నిన్నటి నుంచే," అంది. "రాసుకోండి, నర్సమ్మగారూ."

అన్నయ్య పోయాక తనను అమ్మడూ అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. అయినా నర్సు 'నిన్నటి నుంచే' అని రాయలేదు.