స్వామి డబ్బల బాణం

శుక్రారం సౌదీల దమ్మామ్ క్యాంపుల వంటలైనంక స్వామి మంచం మీద పాత చార్జర్లు ఇప్పుకొని కూసుంటడు. ఆ ముక్కలల్ల ఏది మంచిదో, ఏది కాలిందో చెప్పే డబ్బ తన చేతితోని చేసుకున్నదే. ఎవలో దూరదేశపాయన దాని నక్ష గీసి, ఎవలన్నా చేసుకోన్రని నెట్ల ఉత్తగనే పెట్టిండు. దుకాన్ల కొనాల్నంటే జీతమంత పోతది. స్వామి స్క్రాపుల ఏరిన సామాన్లతోని అతికిచ్చిండు. రెండు తీగలు, చిన్న తెర. తీగల నడుమ ముక్క పెడితే కరెంటు ఎటు పోతదో తెర మీద బాణం పడ్తది.

మనుషులకు గూడ పడ్తది. ఒక్కో మనిషి మీద సర్కారుకు కట్టే లెవీ పన్ను పెరిగి, పని ఇచ్చే కఫీళ్లు పనోళ్లను తగ్గించుకునుడు మొదలైనంక, చుట్టీ మీద, అంటే సెలవుల ఇంటికి పోయేటోళ్లంత ముందురోజు తీగలు పట్టుకుంటున్నరు. ఎర్ర తీగ ఇల్లు, నల్ల తీగ సౌదీ. రెండు దిక్కుల బాణాలుంటే పోయి వస్తడు. ఇంటి దిక్కు ఒక్కటే ఉంటే మళ్ల రాడు. ఇదే క్యాంపుల ఉండే దిలావర్‌కు ఒక్కటే పడ్డది. ఆయన బ్యాగు సర్దుకుంటుండంగనే మంచం ఇంకొకలకు ఇచ్చేసిన్రు.

ఇయ్యాల బుచ్చన్న వంతు. ఊర్ల ఆయన భార్య ముత్తవ్వకు ఆపరేషన్. "నువ్వు రానిది బల్ల మీద పండ" అని ఫోన్ల కరాఖండిగ చెప్పింది. పోవాలె. మందులు కొనాల్నంటే మళ్ల రావాలె. ఈ వయసుల ఇంకో వీసా ఎవలిస్తరు?

పట్టుకున్నడు. ఇంటి దిక్కు ఒక్కటే బాణం.

"బ్యాటరీ దిగినట్టుందిరా."

"పొద్దుగాలనే మార్చిన అన్నా."

బుచ్చన్న తీగలు ఇడిశి మళ్ల పట్టుకున్నడు. అదే బాణం.

"అందరికి పట్టిస్తవ్, నువ్వెన్నడు పట్టుకోవేందిరా?" పక్క మంచం కుమార్ స్వామిని గెలికిండు.

స్వామి తల దించుకొని పట్టుకున్నడు. వానిది గూడ ఒక్కటే, సౌదీ దిక్కు. కఫీల్ లెవీ కట్టలే, సౌదీల ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు అయిపోయింది, ఇంటికి పోనిచ్చే ఎగ్జిట్ కాయిదం ఇయ్యడు. అవ్వ మొఖం చూడక ఏండ్లయింది.

స్వామి బుచ్చన్న దిక్కు తిరిగిండు. "అన్నా, ఒక్క దిక్కే పోనిచ్చే ఇసొంటి ముక్కలు రెండు తిరగమర్ల జోడిస్తే కరెంటు అటూ ఇటూ పోతది. చెయ్యియ్యి."

ఇద్దరు చెయ్యి చెయ్యి కలిపి పట్టుకున్నరు. రెండు బాణాలు పడ్డయి.

"ఇగ ఇడిశిపెట్టకున్రి" అని కుమార్ ఇద్దరి బ్యాగులు సర్దిండు.

ఎయిర్‌పోర్టుల పోలీసు "వాహిద్! వాహిద్!" అని ఒక్కొక్కలను రమ్మని అరిశిండు. చెయ్యి ఇడువలే. స్వామి వేలిముద్ర మిషిన్ మీద వేలు పెట్టిండు. మిషిన్ గప్‌చిప్. పోలీసు కుర్చీల ముందుకు జరిగి స్వామి మొఖం చూసిండు. బుచ్చన్న గోర్లు స్వామి అరచేతిల దిగినయి.

టక్కున ముద్ర పడ్డది.

విమానంల బుచ్చన్న ఎడమచేత్తోనే తిన్నడు.

ఆపరేషన్ మంచిగైంది. చుట్టీ అయిపోయిన పొద్దు స్వామి బ్యాగేసుకొని బుచ్చన్న ఇంటికొచ్చిండు. వెనుక వాళ్లవ్వ లస్మవ్వ. ఏడుస్తలేదు. కొడుకు అంగీ అంచు పట్టుకొని నిలబడ్డది.

"చెయ్యియ్యే అన్నా, చెయ్యి కలుపకుంటే నువ్వు మళ్ల పోలేవు. బస్సు టైమైంది."

బుచ్చన్న ఆ అంగీ అంచు దిక్కు చూసిండు. రెండు చేతులు చంకలల్ల దోపుకున్నడు.

"ఏందే, ఇయ్యవా?"

"సలి పెడ్తుందిరా" అన్నడు, మిట్టమధ్యాహ్నం ఎండల.

మంచం మీదికెళ్లి ముత్తవ్వ మొగన్ని చూసింది, లస్మవ్వను చూసింది. "కూసో బిడ్డా" అన్నది స్వామితోని. "మా మిక్సీ తిరుగుతలేదు, జర చూడు."

స్వామి బ్యాగు దించి డబ్బ బయటికి తీసిండు.