బస్సు వెనక పూలదండ

మిట్ట సగానికి రాగానే బస్సు మళ్లీ దగ్గి ఆగిపోయింది. యోగలక్ష్మి బ్రేకు తొక్కిపట్టి పళ్లు నూరింది. ముత్తాత నడిపిన బస్సు ఇది. పాపారపట్టి నుంచి ధర్మపురికి జనాన్ని మోసిన తొలి బస్సుల్లో ఒకటి. కొట్టంలో తుప్పు పట్టి పడున్నదాన్ని ఆమె నానా తంటాలు పడి బాగుచేసింది. చదును మీద బుద్ధిగా పోతుంది. మిట్ట కనబడితే చాలు, మొండికేస్తుంది.

చిన్నాయన ధనశేఖర్ పొద్దున్నే తేల్చి చెప్పాడు. ఈ రోజు తనంతట తానుగా ధర్మపురి చేరితే బస్సు యోగలక్ష్మిది, లేదంటే పాత ఇనుము కొట్టుది. ఆ కొట్టు లారీ సిగ్గులేకుండా వెనకే వస్తోంది.

లారీ దిగి వచ్చాడాయన. "చాలించు పాపా. ఇంజనులో సత్తువ లేదు."

"సత్తువ ఉండాది చిన్నాయనా. పెట్రోలే అందలేదు."

ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంది. పంపు లేదు, పెట్రోలు దానంతటదే ఇంజనులోకి జారాలి. బస్సు ముందుభాగం పైకి లేస్తే ఎలా జారుతుంది? మరి ముత్తాత రోజూ ఈ మిట్ట ఎలా ఎక్కించాడు? ఏడుపొచ్చినంత పనైంది ఆమెకి.

చక్రాలకి రాళ్లు అడ్డం పెడదామని వెనక్కి వెళితే, ఎదురుగా పూలదండ. ఆయుధపూజకైనా, ప్రయాణానికైనా వాళ్లింట్లో దండ, కుంకుమ బస్సు వెనకకే. ఎందుకో ఎవరికీ తెలియదు. అవ్వ వేసింది, అమ్మ వేసింది, పొద్దున తనూ వేసింది. "మీ బస్సుకి మొగం యాడుండాదో మీకే తెలీదు" అని ఊరంతా ఎగతాళి.

యోగలక్ష్మి కళ్లు మిట్ట మీదికి పోయాయి. ఆ కాలంలో పైన నిలబడి బస్సు కోసం ఎదురుచూసిన జనానికి మొదట కనబడింది ఏ వైపు? దండ పడే ఈ వెనకవైపే! ఓరి దేవుడా, ముత్తాత దీన్ని వెనక్కి నడిపి ఎక్కించినాడు! అలాగైతే ట్యాంకు ఇంజను కన్నా పైన ఉంటుంది.

బస్సుని లారీ పక్కనుంచి మెల్లగా కిందికి జార్చి, ఊరివైపు తిప్పింది. ధనశేఖర్ మొహం చిన్నబోయింది.

"ఇంటికేనా? పోనీలే పాపా."

"ఇంటికి కాదు. ఆ లారీని పక్కకి తియ్యమను."

హ్యాండిల్ తిప్పి ఇంజను లేపింది. రివర్సు గేరు వేసి, మెడ వెనక్కి తిప్పి, బ్రేకు వదిలింది. బస్సు గుడగుడమంటూ దండని ముందుపెట్టుకుని కదిలింది. సగం దాటింది. దగ్గలేదు. ఒళ్లంతా ఆనందం పొంగుతుంటే యోగలక్ష్మి పెద్దగా నవ్వేసింది. పక్కన నడుస్తున్న ధనశేఖర్ పరుగందుకున్నాడు.

మిట్ట మీద టీకొట్టు జనమంతా రోడ్డెక్కి ఈలలు వేశారు. ధనశేఖర్ రొప్పుతూ వచ్చి, లారీవాడికి వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. కండువాతో దండ మీది దుమ్ము దులిపి, పక్కకి జరిగిన పూలు సర్దాడు.

"ఇంక తిప్పుకో పాపా, ధర్మపురికి పోదాము" అన్నాడు. "నీ బస్సులో నాకు జాగా ఉండాదా?"